బట్టలు మీ ఇష్టం అనే కరీబియన్ రిసార్టులు: జంటగా వెళ్తే ఏది ఎంచుకోవాలి?

ధరలు చూసేముందు ఒక సంగతి తేల్చుకోవాలి. కరీబియన్ తీరంలో "క్లోతింగ్ ఆప్షనల్" అని చెప్పుకునే ఆల్ ఇన్‌క్లూజివ్ (బస, తిండి, తాగుడు ఒకే ధరలో) రిసార్టులన్నీ ఒక్క రకం కావు. కొన్నిచోట్ల అది ఒంటికి ఎండా గాలీ తగలాలన్న ముచ్చట, అంతే. కొన్నిచోట్ల పొద్దున మొదలై తెల్లారేదాకా సాగే పార్టీ. ఇంకొన్నిచోట్ల జంటలు వేరే జంటలతో స్నేహం కలుపుకోవడానికే వస్తారు, ఆ స్నేహం ఎక్కడిదాకా పోతుందో విడమరిచి చెప్పక్కర్లేదు. బుకింగ్ సైటులో మూడింటికీ అదే మాట, ఫొటోల్లో అదే నీలి సముద్రం. ప్రశాంతంగా పుస్తకం చదువుకుందామని వెళ్లిన భార్యాభర్తలు హాట్ టబ్ పక్కన జరుగుతున్నది చూసి బిక్కచచ్చిపోవడం, హుషారు కోరుకుని వెళ్లినవాళ్లు రాత్రి తొమ్మిదికల్లా నిద్రపోయే హోటల్లో ఆవలించడం, రెండూ ఇందువల్లే.

అందుకే ఎంత బట్ట తీయాలన్నది అసలు ప్రశ్న కాదు. మీ పక్క కుర్చీలో కూర్చునేవాళ్లు దేనికి వచ్చారు, మీరు ఎప్పుడంటే అప్పుడు మనసు మార్చుకునే వీలుందా అన్నవి ప్రశ్నలు. ఈ రెండింటి లెక్కనే కింద రాస్తున్నాను.

మూడు మాటలు గుర్తుంటే చాలు. నేచురిస్ట్ అంటే నగ్నత్వానికీ శృంగారానికీ ముడిపెట్టని పద్ధతి. చాలామటుకు నడివయసు దాటినవాళ్లు, వాలీబాల్, తొందరగా భోజనం. లైఫ్‌స్టైల్ అని ఉంటే జంటలు మార్చుకునేవాళ్లకు తలుపులు తెరిచే ఉన్నాయని అర్థం. టాప్‌లెస్ ఆప్షనల్ అంటే కింది బట్ట ఒంటిమీద ఉండాల్సిందే. "అడల్ట్స్ ఓన్లీ" అన్న ముక్క మాత్రం దేనికీ ఆనవాలు కాదు, పిల్లలు ఉండరని తప్ప ఇంకేమీ చెప్పదు.

జమైకాలో కపుల్స్ రిసార్టులు

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఇదే. జమైకా హోటళ్ల వ్యాపారి ఏబ్ ఈసా 1949లో ఓచో రియోస్ దగ్గర టవర్ ఐల్ హోటల్ కట్టాడు. 1978లో అది జంటలకు మాత్రమే అనే పద్ధతికి మారి కపుల్స్ అయింది. ఇప్పుడు ఆ పేరుతో జమైకాలో నాలుగు ఉన్నాయి. వాటిలో మూడింట నగ్నంగా ఉండేందుకు విడిగా చోటు కేటాయించారు: కపుల్స్ టవర్ ఐల్, కపుల్స్ సాన్ సూసీ, కపుల్స్ నెగ్రిల్. నాలుగోదైన స్వెప్ట్ అవేలో అది లేదు. పేరు చూసి పొరపాటున అది బుక్ చేసుకోకండి.

టవర్ ఐల్ ఏర్పాటు వీటన్నిటిలో ముచ్చటైనది. హోటల్ ఎదురుగా, ఒడ్డునుంచి కంటికి కనిపించేంత దగ్గరలో చిన్న దీవి ఉంటుంది, దాని మీద తెల్లటి బురుజు. జెట్టీ దగ్గర పడవ ఎక్కితే దింపి వస్తారు. బట్టలు తీసేది దీవి మీదే. అక్కడ చిన్న కొలను, బారు, ఎండలో వాలడానికి కుర్చీలు ఉంటాయి. చాలనిపించగానే కట్టుకుని పడవెక్కి వచ్చేయొచ్చు. ఆ నీటి అడ్డు వల్ల ఒక లాభం ఉంది: హోటల్లో మిగతా సమయమంతా మామూలు హోటలే. ఇద్దరిలో ఒకరికి సరదా, ఒకరికి బెరుకు ఉంటే ఇంతకన్నా అనువైన చోటు లేదు. బెరుకున్నవాళ్లు ఒడ్డునే ఉండి కొబ్బరినీళ్లు తాగినా ఎవరూ ఏమీ అనుకోరు. సరదా ఉన్నవాళ్లు ఓ గంట వెళ్లి రావచ్చు.

సాన్ సూసీ కూడా ఓచో రియోస్ వైపే. కొండవాలు మీద మెట్లు మెట్లుగా కట్టింది కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఒకసారి ఆలోచించుకోవాలి. దానికి సొంత ఖనిజ జలాల ఊట ఉంది. నగ్న బీచ్ హోటల్‌కి ఒక చివర, మిగతావాళ్ల దారికి అడ్డం లేకుండా ఉంటుంది. కపుల్స్ నెగ్రిల్‌లో బీచ్‌లో ఒక భాగాన్ని విడదీశారు.

కపుల్స్ వాళ్ల పద్ధతిలో నాకు నచ్చేది టిప్పుల నిషేధం. బారు దగ్గర నిలబడ్డ ప్రతిసారీ డాలరు నోటు కోసం వెతుక్కోవడం, జేబులే లేని చోట, ఎంత ఇబ్బందో ఊహించుకోండి.

హెడోనిజం 2

నెగ్రిల్‌లో 1976లో నెగ్రిల్ బీచ్ విలేజ్‌గా తెరిచి, 1981లో పేరు మార్చుకున్న రిసార్టు ఇది. పేరులోనే ఉద్దేశం ఉంది, దాపరికం లేదు. జంటలే రావాలని లేదు, ఒంటరివాళ్లు కూడా రావచ్చు. 18 నిండితే చాలు. ఈ ఒక్క తేడా వల్ల వాతావరణం చాలా మారుతుంది. జంటలకు మాత్రమే అన్నచోట అందరూ ఎవరో ఒకరి చేయి పట్టుకునే ఉంటారు. ఇక్కడ అలా కాదు.

రిసార్టు రెండు పక్షాలు: న్యూడ్, ప్రూడ్ (అంటే బిడియస్తులది). ప్రూడ్ వైపు ఈత బట్టల్లో తిరగొచ్చు, పైబట్ట లేకపోయినా అడిగేవాళ్లు ఉండరు. న్యూడ్ వైపు బీచ్‌లోనూ కొలనులోనూ "మీ ఇష్టం" చెల్లదు. ఒంటిమీద బట్టతో వస్తే తీయమని మర్యాదగా చెప్తారు, లేదా అటువైపు వెళ్లమంటారు. చూసిపోదామని వచ్చేవాళ్లను ఆపడానికే ఆ నియమం, అది న్యాయమే. భోజనశాలలో మాత్రం అందరూ కట్టుకునే రావాలి. రాత్రిపూట వేషాల పార్టీలుంటాయి, రకరకాల దుస్తులు సూట్‌కేసుల్లో మోసుకొస్తారు. పగలంతా ఏమీ కట్టుకోనివాళ్లు రాత్రి ముస్తాబుకి గంటన్నర తీసుకోవడం ఇక్కడే చూస్తాం.

ఏటేటా వచ్చే పాతకాపులు ఎక్కువ, కొత్తవాళ్లను కలుపుకుంటారు, నవ్వులు గట్టిగా ఉంటాయి. గదులు మాత్రం హంగు కోరుకునేవాళ్లను మెప్పించవు. పాలరాతి స్నానాలగది కోసం వెళ్లే చోటు కాదిది, జనం కోసం వెళ్లే చోటు. లైఫ్‌స్టైల్ జంటలు చాలామంది ఉంటారు, కొన్ని వారాలు వాళ్ల బృందాలే మొత్తం బుక్ చేసుకుంటాయి. మీ తేదీల్లో ఏ బృందం ఉందో ముందే కనుక్కోండి. అదే రిసార్టు ఒక వారం ఒకలా, మరో వారం ఇంకోలా ఉంటుంది.

మెక్సికో వైపు

కాన్‌కూన్‌కి దక్షిణాన పువెర్తో మొరేలోస్ దగ్గర డిజైర్ పేరుతో రెండు రిసార్టులున్నాయి: డిజైర్ రివేరా మాయా, డిజైర్ పర్ల్. రెండూ జంటలకు మాత్రమే, 21 నిండాలి. రెండింటిలో పర్ల్ నెమ్మదైనది, మరోటి సందడిది. హెడోనిజంలోలా పక్షాలు లేవు, కొలను దగ్గర కట్టుకున్నవాళ్లూ కట్టుకోనివాళ్లూ కలిసే ఉంటారు. వసతి, భోజనం, గదుల సోకు జమైకా రిసార్టుల కంటే ఒక మెట్టు పైనే. రాత్రయ్యాక జంటల శృంగారం కోసం ప్రత్యేకమైన ప్లేరూమ్ తెరుస్తారు. అక్కడికి వెళ్లాలన్న బలవంతం లేదు, కాని అలాంటిది ఉన్న చోటుకి వచ్చామన్న ఎరుక ఉండాలి. శృంగారం రాజుకోవాలని ఇద్దరూ ఒకే మాట మీద ఉంటే డిజైర్ మంచి ఎంపిక. ఒకరు ఒకరిని లాక్కొస్తే ఆ డబ్బు దండగ.

కాన్‌కూన్ హోటల్ జోన్‌లోని టెంప్టేషన్ పైబట్ట వరకే మినహాయింపు ఇస్తుంది. కరీం రషీద్ డిజైన్‌తో 2017లో కొత్తగా ముస్తాబై తెరుచుకుంది. రంగులు కళ్లు చెదరగొడతాయి, డీజే ఆగడు. పూర్తి నగ్నత్వం అక్కర్లేదు, ముప్ఫైల్లో ఉన్నవాళ్ల హడావిడి కావాలి అంటే చూడొచ్చు. ప్రశాంతత ఆశిస్తే దూరంగా ఉండండి.

సముద్రం విషయంలో పోలికే లేదు

చాలామంది చివర్లో గమనించే తేడా ఇది. మెక్సికో కరీబియన్ తీరం తూర్పు ముఖం. అట్లాంటిక్ నుంచి గాలీ ప్రవాహమూ కొట్టుకొచ్చే సర్గాసం నాచు తిన్నగా అక్కడికే చేరుతుంది. 2011 నుంచి ఈ బెడద పెద్దదైంది. వేసవి నెలల్లో, ఒక్కోసారి మార్చి, ఏప్రిల్ నుంచే, ఒడ్డంతా గోధుమరంగు గుట్టలు పడతాయి, కుళ్లితే కోడిగుడ్డు చెడిన వాసన. హోటల్‌వాళ్లు ట్రాక్టర్లతో ఎత్తిస్తూనే ఉంటారు, మర్నాటికి మళ్లీ వస్తుంది. నగ్నంగా ఈత కొట్టాలనుకున్నవాళ్లకు ఆ నాచు ఒంటికి రాసుకోవడం ఏమంత బాగుండదు, దురద పెడుతుంది కూడా.

నెగ్రిల్ జమైకాకి పడమటి కొస. ఈ నాచు అక్కడికి తక్కువ చేరుతుంది, నీళ్లు చెరువంత నెమ్మదిగా ఉంటాయి, సూర్యాస్తమయం సముద్రంలోనే. ఓచో రియోస్ ఉత్తర తీరం, ఈ రెండింటికీ మధ్యస్థం.

మెక్సికోలో బీచ్‌లన్నీ చట్టరీత్యా ప్రజలవి. రిసార్టు ముందు నుంచి దారినపోయేవాళ్లు నడిచి వెళ్లొచ్చు. అందుకే అక్కడ నగ్నంగా గడిపేవాళ్లు ఇసుక మీదకంటే కొలను దగ్గరే ఎక్కువ కనిపిస్తారు. జమైకాలో 1956 నాటి బీచ్ కంట్రోల్ చట్టం ప్రకారం హోటళ్లు లైసెన్సుతో తీరాన్ని తమకే పరిమితం చేసుకోగలవు. ఆ చట్టం మీద జమైకన్లకు గట్టి అభ్యంతరాలున్నాయి, తమ సముద్రానికి తామే పరాయివాళ్లమయ్యామన్నది వాళ్ల బాధ, అది సబబే. అతిథిగా మీకు మాత్రం చాటు ఎక్కువ. నెగ్రిల్‌లో పడవల్లో చుట్టూ తిరుగుతూ అమ్ముకునేవాళ్లు అయినా కనిపిస్తారు.

ప్రయాణం లెక్కకొస్తే మెక్సికోదే గెలుపు. కాన్‌కూన్ విమానాశ్రయం నుంచి పువెర్తో మొరేలోస్ 20 కిలోమీటర్ల చిల్లర. మాంటెగో బే విమానాశ్రయం నుంచి నెగ్రిల్ 80 కిలోమీటర్లు, గంటన్నర పట్టే రోడ్డు. ఓచో రియోస్ అంతకు కాస్త ఎక్కువ.

అమెరికాలో ఉండే మనవాళ్లకు వీసా మెలిక

భారతీయ పాస్‌పోర్టుతో పర్యాటకులుగా వెళ్తే జమైకా ముందస్తు వీసా అడగదు, ఆన్‌లైన్‌లో ప్రవేశ ఫారం నింపాలి. మెక్సికో వీసా అడుగుతుంది, కాని చెల్లుబాటులో ఉన్న అమెరికా, కెనడా, బ్రిటన్, జపాన్ లేదా షెంజెన్ వీసా ఉంటే మినహాయిస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నా అంతే.

తిప్పలంతా వెనక్కి రావడంలో. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో హెచ్1బీ మీద ఉండి, పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరిపోయి, ఐ94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ప్రవేశ పత్రం) మాత్రం నడుస్తున్నవాళ్లు మన దగ్గర చాలామంది. వాళ్లు జమైకా వెళ్తే తిరిగి రావడానికి కొత్త స్టాంపు కావాలి. మెక్సికో వెళ్లి 30 రోజుల్లోపు వస్తే ఆటోమేటిక్ రీవ్యాలిడేషన్ కింద పాత స్టాంపుతోనే రానిస్తారు, ఆ ప్రయాణంలో కొత్త వీసాకు దరఖాస్తు చేసుకోకపోతే. "అయితే డిజైర్‌కే పోదాం" అనుకునేముందు ఇంకో మెలిక: గడువు తీరిన అమెరికా వీసా మెక్సికోకి చాలదు, మెక్సికో వీసా విడిగా తీసుకోవాలి. ఎఫ్1 విద్యార్థులకు లెక్క వేరు, వాళ్లకు ఈ వెసులుబాటు జమైకా లాంటి పక్క దీవులకు కూడా వర్తిస్తుంది. స్టాంపు మంచిగా ఉంటే ఇవేవీ పట్టించుకోనక్కర్లేదు. హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లేవాళ్లు దారిలో అమెరికాలో దిగితే, విమానం మారడానికైనా వీసా కావాలని మరవొద్దు.

జమైకాలో 2015 నుంచి రెండు ఔన్సుల వరకు గంజాయి దగ్గరుంచుకోవడం పెద్ద నేరం కాదు, చిన్న జరిమానాతో పోతుంది. బీచ్‌లో అడుగడుగునా ఇవ్వజూపుతారు. అమెరికా ఇమిగ్రేషన్‌కి మాత్రం అది ఇప్పటికీ నేరమే. వీసా మీద బతికేవాళ్లు నవ్వి ముందుకి నడవడం మేలు.

తిండి

శాకాహారులకు జమైకా నయం. జమైకాలో పుట్టిన రాస్తాఫారీ మతస్తుల ఐటల్ వంటలో మాంసం ఉండదు, ఉప్పు కూడా తక్కువే. కొబ్బరిపాలు, చిక్కుడు గింజలు, గుమ్మడి, దుంపలు. పైగా 1845లో బ్లండెల్ హంటర్ ఓడలో మొదలై మన దేశం నుంచి తరలిన కూలీల వంట అక్కడి గిన్నెల్లో కలిసిపోయింది. కర్రీ గోట్, రోటీ జమైకన్ల సొంత వంటల్లో లెక్క. నెగ్రిల్ ఉన్న వెస్ట్‌మోర్‌లాండ్ చెరకు తోటల ప్రాంతం, భారతీయ మూలాలవాళ్లు అక్కడ ఇప్పటికీ ఉన్నారు. స్కాచ్ బానెట్ మిరప మన గుంటూరు నాలుకకు కూడా బుద్ధి చెబుతుంది. మెక్సికోలో బీన్స్ కూడా పందికొవ్వుతో తాలింపు పెట్టే అలవాటుంది. "మాంతేకా ఉందా?" అని అడగకుండా తినకండి.

అక్కడ నడుచుకునే తీరు

ఎక్కడికెళ్లినా మూడు నియమాలు మారవు. ఏ కుర్చీ మీద కూర్చున్నా ముందు తువ్వాలు పరవాలి. ఫోను, కెమెరా నగ్న ప్రాంతంలోకి తేకూడదు. అవతలివాళ్లు ఒకసారి వద్దంటే మళ్లీ అడగకూడదు. మూడోది డిజైర్, హెడోనిజం లాంటి చోట్ల బయటి లోకంలోకంటే గట్టిగా పాటిస్తారు. వద్దని చెప్పడానికి కారణం చెప్పుకోవాల్సిన పని లేదు, "థాంక్యూ, మేమిద్దరమే" అంటే చాలు, నవ్వి వెళ్లిపోతారు.

తెలిసినవాళ్లు కనిపిస్తే? ఇది మనవాళ్ల అసలు భయం. ఆఫీసులో పక్క క్యూబికల్ ఆయన కొలనులో ఎదురుపడితే ఆయన కూడా అందుకే వచ్చాడు, మీకంటే ఎక్కువ ఆయనే కంగారు పడతాడు. పలకరించాలో లేదో వాళ్లనే తేల్చుకోనివ్వండి, ఊరికి తిరిగొచ్చాక ఎత్తకండి.

సామానులో అన్నిటికంటే పనికొచ్చేది మన నూలు లుంగీ. బీచ్ నుంచి భోజనానికి పోతూ ఇద్దరూ చుట్టుకోవచ్చు, రిసార్టు దుకాణంలో సరాంగ్ పేరుతో అదే గుడ్డకి పదింతలు తీసుకుంటారు. సన్‌స్క్రీన్ ఎప్పుడూ ఎండ తగలని చోట్ల దండిగా రాయాలి. మొదటిరోజు అరగంట చాలు, లేకపోతే మిగతా వారం కూర్చోలేరు. తాళి తీయాలా అని కొందరు మొహమాటంగా అడుగుతుంటారు. తీయనక్కర్లేదు, ఎవరూ పట్టించుకోరు. కాకపోతే సన్న గొలుసు అలల్లో జారితే మళ్లీ దొరకదు, గదిలో లాకరుంది.

ఇంటి దగ్గరే మాట్లాడుకోవాల్సిన మాట ఒకటుంది. ఇద్దరిలో వెనకాడేవాళ్లు ఎంతవరకు అంటే అంతవరకే. "ఇంత ఖర్చు పెట్టి ఇంత దూరం వచ్చి..." అన్న వాక్యం అక్కడ నోట రాకూడదు. రెండో పెగ్గు తర్వాత కొత్త నిర్ణయాలు తీసుకోకూడదని ముందే అనుకోండి.

ఎంచుకోమంటే

బెరుకున్న కొత్త జంటకు టవర్ ఐల్. సముద్రం, విశ్రాంతి ముఖ్యమైతే కపుల్స్ నెగ్రిల్, దాంతోపాటు ఒక చిట్కా: హెడోనిజం 2 అక్కడికి దగ్గరే, బయటివాళ్లకు రోజు పాస్ అమ్ముతుంది. ఆరు రాత్రులు కపుల్స్‌లో ఉండి ఒక పగలు హెడోనిజంలో గడిపితే అక్కడ వారం ఉండగలరో లేదో తేలిపోతుంది. గుర్తింపు కార్డు తీసుకెళ్లండి. మాటకారులైతే, జనం ఇష్టమైతే హెడోనిజంకే నేరుగా పోవచ్చు. సోకు, ఏకాంతం, శృంగారం మూడూ ఇద్దరికీ సమ్మతమైతే డిజైర్ పర్ల్, అదీ నాచు లేని చలికాలంలో.

ప్యాకేజీలే వద్దు, సాదా నేచురిస్ట్ బీచ్ చాలనుకునేవాళ్లకు సెయింట్ మార్టిన్ ఫ్రెంచి భాగంలో ఓరియంట్ బే ఉంది. అక్కడి నేచురిస్ట్ రిసార్టు క్లబ్ ఓరియంట్ 2017 సెప్టెంబరులో ఇర్మా తుఫానుకి నేలమట్టమైంది, బీచ్ దక్షిణపు చివర నగ్న స్నానాల అలవాటు మాత్రం పోలేదు. షెంజెన్ వీసా దానంతటది అక్కడ చెల్లదు, విడిగా చూసుకోవాలి.

ధర పోల్చేటప్పుడు చూపించింది మనిషికా, గదికా అని చూడండి. ఒక్కోచోట ఒక్కోలా రాస్తారు, సగానికి సగం తేడా అక్కడే వస్తుంది. తుఫానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. 2025 అక్టోబరు 28న మెలిస్సా అయిదో శ్రేణి తుఫానుగా జమైకా నైరుతి తీరాన్ని ఊడ్చేసింది, కాబట్టి జమైకా బుక్ చేసేముందు ఆ హోటల్‌లో ఏయే భాగాలు తెరిచారో, ముఖ్యంగా నగ్న బీచ్ తెరిచారో లేదో ఉత్తరం రాసి జవాబు తెప్పించుకోండి. ప్రయాణ బీమా టికెట్టుతోపాటే కొనాలి. తుఫానుకి పేరు పెట్టాక కొన్న బీమా ఆ తుఫానుకి వర్తించదు. డిసెంబరు మొదటి రెండు వారాల్లో తుఫానుల కాలం ముగిసి ఉంటుంది, క్రిస్మస్ ధరలు ఇంకా మొదలవవు, నాచూ పెద్దగా ఉండదు. ఆఫీసులో సెలవు ఇప్పుడే అడిగిపెట్టండి.